గంజి మీద నడిచిన బస్సు

ముత్యాలరావు సర్వనాశనమైపోవాలని రోజూ పొద్దున్నే దీపం వెలిగించి దండం పెట్టుకునేదాన్ని. నేను సూక్ష్మజీవుల శాస్త్రం చదువుకున్నదాన్ని. దండాలకి మనుషులు నాశనం కారని నాకు తెలుసు. అయినా మానలేదు. దేవుడు ఎంతకీ పట్టించుకోకపోయేసరికి ఆ పనేదో నేనే చూసుకోవాల్సి వచ్చింది.

ఎందుకంత కక్ష అంటారేమో. మా ఆయన గణపతి బతికినన్నాళ్ళూ చుక్క మందు ముట్టి ఎరగడు. పెళ్ళిళ్ళలో బావమరుదులు బలవంతం చేస్తే విస్తరి ముందు నుంచి లేచిపోయేవాడు. అలాంటి మనిషి చచ్చిపోయాక, ఊరంతా వింటుండగా ముత్యాలరావు మైకు పుచ్చుకుని, "తాగుబోతు చేతికి బాయిలరు అప్పగించడం నేను చేసిన పొరపాటు" అన్నాడు. సంతాపసభలో అన్నాడు ఆ మాట. ముందు వరసలో కూర్చున్న నా మొహం చూస్తూనే అన్నాడు.

మొదటి నుంచీ చెబుతాను. పెట్రోలుకీ డీజిలుకీ కరువు ముదిరి బంకులకి తాళ్ళు కట్టేసిన రోజులవి. అంబులెన్సులకీ పోలీసు జీపులకీ తప్ప ఎవరికీ పొయ్యడం లేదు. కరెంటు బళ్ళు కొన్నవాళ్ళు కూడా బ్యాటరీలు దొరక్క మూలన పడేసుకున్నారు. మండపేట డిపోలో బస్సుల చక్రాల చుట్టూ గడ్డి మొలిచింది. కాలేజీలో పాఠం చెప్పడానికి నేను సైకిలు తొక్కుకుంటూ పోయేదాన్ని. దారిలో ముత్యాలరావు ఉప్పుడు బియ్యం మిల్లు వచ్చేసరికి ముక్కు మూసుకోవాల్సి వచ్చేది. ఉప్పుడు బియ్యానికి వడ్లు నానబోసి, ఉడకబెట్టి ఆడిస్తారు. ఆ నానబోసిన నీళ్ళు కాలవలోకి వదిలితే వచ్చే కంపు మా చుట్టుపక్కల వాళ్ళకే తెలుసు. ఒకరోజు ఎందుకో ముక్కు వదిలేసి గట్టిగా పీల్చి చూశాను. కంపు అడుగున సారా వాసన తగిలింది.

సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళి వెతికితే ఆ పని చేస్తున్న జీవి దొరికింది. దాన్ని గంజిలో వేస్తే పొద్దు వాలేసరికి గంజి కాస్తా సారా అయిపోయేది. మామూలుగా గంజిలోని పిండి ముందు చక్కెరగా మారాలి, ఆ చక్కెర తర్వాత పులిసి సారా కావాలి. ఇది ఆ రెండు పనులూ ఒక్కతే చేసేసేది. అందులో ఒత్తి ముంచి అగ్గిపుల్ల గీసి గణపతికి చూపించాను. నీలం మంట లేచింది. ముత్యాలరావు మిల్లులో బాయిలరు చూసుకునేది గణపతే. మంట చూసి, పద, బాబుగారికి చెబుదామన్నాడు.

చిక్కేమిటంటే ఆ సారాలో సగానికి సగం నీళ్ళే. పెట్రోలు ఇంజనులో పోస్తే రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నీళ్ళు విడదీయాలంటే కాచాలి, కాచడానికి మళ్ళీ ఇంధనం కావాలి. నేను తల పట్టుకుని కూర్చుంటే గణపతి నవ్వి, ఇంజనుకి పడకపోతే పోయింది, పొయ్యికి పడుతుందిగా అన్నాడు. ఆవిరి ఇంజనుకి కింద ఏది కాలుతోందన్న పట్టింపు లేదు. డిపోలో పడున్న బస్సు తెచ్చి, డీజిలు ఇంజను పీకేసి, సన్నటి ఉక్కు గొట్టాన్ని పాము చుట్టలా చుట్టి దాని కింద మా గంజి సారా మంట పెట్టాడు. ఒక చివర నీళ్ళు తోస్తే రెండో చివరికి చేరేసరికి ఆవిరి. పెద్ద బాయిలరులా గదంతా లేచిపోయే భయం లేదు, గొట్టంలో ఎప్పుడూ చెంబెడు నీళ్ళకి మించి ఉండవు. ఒక్కటే జాగ్రత్త. గొట్టం ఎండకూడదు. ఎండి ఎర్రగా కాలిన గొట్టంలోకి నీళ్ళు వదిలితే తుపాకీయే.

ముత్యాలరావు మిల్లు వెనక షెడ్డు ఇచ్చాడు, గంజి ఇచ్చాడు, ఇనుము ఇచ్చాడు. ఆ మాట దాచను. బస్సు మొదటిసారి మిల్లు ఆవరణలో చుట్టు తిరిగిన రోజున హమాలీలందరూ ఎక్కి కూర్చున్నారు. చప్పుడే లేదు, కుక్కర్లా చిన్న బుసబుస, వెనకాల చద్దన్నం వాసన. వరహాలమ్మ, అంటే ముత్యాలరావు భార్య, హారతి ఇచ్చి, అన్నం తినే బండి మా ఇంట పుట్టిందని మురిసిపోయింది.

ఆ జీవిని మేము తోడు అనేవాళ్ళం. పెరుగుకి చేసినట్టే రోజూ పాతది గరిటెడు తీసి కొత్త గంజిలో కలపాలి. ఒక్కరోజు మరిస్తే చచ్చిపోతుంది. చలికి కూడా తట్టుకోదు. అందుకని మిల్లుకి సెలవైతే దాన్ని సీసాలో ఇంటికి తెచ్చుకుని, పొయ్యి గట్టు మీద వెచ్చగా పెట్టి మేపేదాన్ని. గణపతి దాన్ని మన రెండో సంతానం అనేవాడు. మొదటి సంతానం లేదులెండి మాకు, అది ఆయన వేళాకోళం.

అధికారులు వచ్చి చూస్తామన్న రోజున గణపతి షెడ్డులోనే క్యారేజీ విప్పుకుని భోంచేశాడు. తర్వాత బస్సు ఒక్కడే కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళాడు. నేను లోపల తోడు మారుస్తున్నాను. ఢామ్మని చప్పుడు వినిపించింది. పరిగెత్తాను. ఆయన మొహం నన్ను చూడనివ్వలేదు, కండువా కప్పేశారు. కాళ్ళు మాత్రం చూశాను. ఆ చెప్పులు నేను కొన్నవి.

నీళ్ళు తోసే పంపు తిప్పకుండానే మంట పెంచాడనీ, గొట్టం ఎర్రబడ్డాక గుర్తొచ్చి ఒక్కసారిగా పంపు తిప్పాడనీ విచారణ చేసినవాళ్ళు తేల్చారు. గణపతి నిద్రలో కూడా అలాంటి పొరపాటు చెయ్యడు. బస్సు కదిలేముందు ఆయనతో మాట్లాడింది ముత్యాలరావు ఒక్కడే. మనిషి తూలుతున్నాడు, మాట ముద్దముద్దగా వస్తోంది అని విచారణలో చెప్పాడు. రక్తంలో సారా ఉందని డాక్టరు కూడా చెప్పాడు. ఆ డాక్టరు ముత్యాలరావుకి తోడల్లుడి కొడుకు. నాకింకేం కావాలి? గొట్టంలోనో పంపులోనో ఏదో చేసి, నేరం చచ్చినవాడి నెత్తిన రుద్ది, ఇంజను తను మింగేద్దామని చూశాడని నిర్ధారణ చేసుకున్నాను. అనుకున్నట్టుగానే ఏడాది తిరక్కుండా బస్సుల మీద 'ముత్యాల రథం' అని రాయించుకున్నాడు. గణపతి పేరు ఎక్కడా లేదు. వీధిలో జనం మాత్రం నన్ను చూసి, పాపం తాగుడుకి మొగుణ్ణి పోగొట్టుకుంది అనేవాళ్ళు.

కాలేజీ వదిలి చేరిన ఆ షెడ్డు ఉద్యోగం మానేసి పొమ్మని మా అక్క పోరు పెట్టింది. నేను పోలేదు. తోడుని బతికించడం నాకు తప్ప ఎవరికీ చేతకాదు కాబట్టి ముత్యాలరావు నన్ను పంపలేదు. శత్రువు రోజూ కళ్ళెదుట కనబడుతుంటే కక్ష చల్లారకుండా ఉంటుందని నేను కదల్లేదు. రోజూ పొద్దున్నే "నమస్కారమండి" అనేదాన్ని. "బాగున్నావా అమ్మా" అనేవాడు. వాడి నోట్లో మట్టి పడ అనుకుంటూ తల ఊపేదాన్ని.

దారి చూపించింది కోళ్ళు. షెడ్డు వెనక పారబోసిన తోడు మడ్డి తిని వాచ్‌మన్ పెళ్ళాం కోళ్ళు తూలుతూ తిరిగేవి. అందరం నవ్వుకునేవాళ్ళం. ఆవిడకి ఒళ్ళు మండి వాటిని ఇంటి దగ్గర గంప కింద మూసి పెట్టింది. కొన్నాళ్ళకి మళ్ళీ నా మీదికి తగువుకొచ్చింది. మడ్డి ముక్కు కంటకుండా ఒట్టి నూకలే వేస్తున్నా కోళ్ళు ఇంకా తూలుతున్నాయట. మీరు వాటిని శాశ్వతంగా తాగుబోతుల్ని చేశారు, ఇప్పుడేం చేస్తారో చెప్పండని కూర్చుంది. ఆవిణ్ణి ఎలాగో సముదాయించి పంపి, ఒక కోడిని తెచ్చి పరీక్ష చేశాను. తోడు దాని పేగుల్లో కాపురం పెట్టింది. తిన్న నూకలే దానికి గంజి, కోడి పొట్టే దానికి కుండ. గింజ పడ్డప్పుడల్లా లోపలే సారా కాస్తోంది.

సూక్ష్మదర్శిని మీద నుంచి తల ఎత్తేసరికి నాకు ఒకే ఒక్క పొట్ట గుర్తుకొచ్చింది. ముత్యాలరావుది.

మూడు పూటలా అన్నం తినే మనిషి. జన్మలో మందు ముట్టని మనిషి. పైగా ఏటా కార్తీకంలో అయ్యప్ప మాల వేసుకునే గురుస్వామి. చుట్టుపక్కల ఊళ్ళ స్వాములందరికీ మాల వేసేదీ, ఇరుముడి కట్టేదీ అతనే. నా మొగుణ్ణి తాగుబోతన్న నోరు అందరి ముందూ సారా కంపు కొట్టాలి. నేను తాగలేదు మొర్రో అని ఏడవాలి. ఒక్కరూ నమ్మకూడదు. ఇంతకన్నా సరైన శిక్ష ఏ కోర్టు వేస్తుంది? ఆ వారం నాకు ఆకలి బాగా వేసింది, నిద్ర బాగా పట్టింది.

మాల వేసుకున్న స్వాములకి మధ్యాహ్నం ఒక్కొక్కరు ఇంటికి పిలిచి భిక్ష పెడతారు. షెడ్డు తరఫున నేను పెడతానంటే ముత్యాలరావు సంతోషపడ్డాడు. ఇన్నాళ్ళకి నీ మనసు కుదుటపడింది తల్లీ అన్నాడు. తలంటుకుని, తడి బట్టతో వంట చేశాను. పెరుగు నాకు చిన్నప్పటి నుంచీ పడదు. గణపతికైతే అది లేకుండా ముద్ద దిగేది కాదు. ఆయన పోయాక ఇంట్లో పాలు తోడుపెట్టడమే మానేశాను. ఆ రోజు కోసం మళ్ళీ పెట్టాను. స్వాములందరికీ బేసినులో పెరుగు. గురుస్వామికి మాత్రం గౌరవంగా వెండి గిన్నెలో, గడ్డ పెరుగు. గిన్నెలో ఏం కలిపానో మీకు వేరే చెప్పనక్కర్లేదు.

వేళ్ళు నాకి, "అమృతంలా ఉందమ్మా" అన్నాడు. కాళ్ళకి దండం పెట్టాను. స్వామికి పెట్టే దండం అది, తప్పదు.

తోడు అతని పొట్టలో కుదురుకునేసరికి ఇరుముడి కట్టే రోజు వచ్చింది, గుళ్ళో జనం కిటకిటలాడిపోయారు. కొండకి పోయే ప్రతి స్వామి కొబ్బరికాయలోనూ గురుస్వామి దగ్గరుండి నెయ్యి పోయించాలి. ముత్యాలరావు పొద్దున్న పళ్ళ ఫలహారం మీద బాగానే ఉన్నాడు. మధ్యాహ్నం భిక్షలో అన్నం తిని వచ్చాక చెయ్యి గురి తప్పింది. నెయ్యి కాయలోకి కాకుండా పక్కనున్న స్వామి ఒళ్ళో పడింది. శరణుఘోష మొదలుపెట్టి మధ్యలో మరిచిపోయి కిసుక్కుమని నవ్వాడు. లేవబోయి బియ్యం తట్ట మీద కూలబడ్డాడు. లేపడానికి వంగిన స్వాములు మొహాలు తిప్పుకున్నారు. సారా అని ఎవరో అన్నారు. మాలలో ఉండి సారానా అని ఇంకెవరో అన్నారు. అతని పెద్దకొడుకే తల వంచుకుని వచ్చి మెళ్ళో మాల తీసేశాడు.

నేను స్తంభం పక్కన నిలబడి అంతా చూశాను. తృప్తిగా చూశాను. గణపతికి మనసులోనే చెప్పుకున్నాను, చూశావా అని.

ఆ తర్వాత కథ ఊరంతా తెలిసిందే. దేవుళ్ళ మీద ఒట్లు పెట్టాడు, పిల్లల మీద పెట్టాడు. కాకినాడలో తాగుడు మాన్పించే ఆసుపత్రిలో వేశారు. అక్కడా అన్నమే పెట్టారు. తాళం వేసిన గదిలో ఉన్నవాడికి మందు ఎవరు తెస్తున్నారని వరహాలమ్మని నిలదీశారట. ఆవిడ ఏడుస్తూ ఇంటికొచ్చేసిందట. వియ్యాలవారు రాకపోకలు మానేశారు. మిల్లు కొడుకుల చేతికి పోయింది. ఒక్కో కబురూ నా చెవిన పడుతుంటే పండగలా ఉండేది. ఎవరైనా పాపం అంటే, ఆయనకి అలవాటుందని నాకు ముందే అనుమానమండి అని నేనూ ఒక మాట వేసేదాన్ని.

ముత్యాల రథాలు జిల్లా అంతా మొదలయ్యే రోజు వచ్చింది. వేదిక మీద కొడుకులు, మంత్రులు. ముత్యాలరావుని రావద్దన్నారట. ఆ రోజే అతని ఇంటికి వెళ్ళాలనుకున్నాను. ఎదురుగా కూర్చుని ఒక్క మాట అడగాలి. గణపతి తాగాడని మళ్ళీ అనండి చూద్దాం, అని అడగాలి. ఆ మాట నోట్లో తిప్పుకుంటూనే వెళ్ళాను.

వసారాలో మడతకుర్చీలో పడుకుని ఉన్నాడు. సగమైపోయాడు. నన్ను చూసి లేవబోయాడు, చేతకాలేదు.

"రా అమ్మా భూలక్ష్మీ. ఎవరూ రావట్లేదు ఇటు. నువ్వైనా వచ్చావు" అన్నాడు. పొద్దున్న కాబట్టి మాట తేటగానే ఉంది. నేనడక్కుండానే, "నేను తాగలేదమ్మా" అన్నాడు.

ఎదురుచూసిన చోటు అదే. "గణపతీ తాగలేదండి" అన్నాను.

"అవునమ్మా. తాగలేదు."

కాదంటాడని సిద్ధమై వచ్చినదాన్ని. ఒప్పుకుంటాడని అనుకోలేదు. ఇంజను కోసమే చంపానని కూడా ఇప్పుడే చెప్పేస్తాడేమో అనుకుని కుర్చీ దగ్గరికి లాక్కున్నాను.

"ఆ రోజు నేను చెప్పింది అబద్ధం కాదమ్మా" అన్నాడు. "నిజంగానే తూలుతున్నాడు. పంపు పిడి మీద చెయ్యి ఆనట్లేదు. అన్నం తిని చెయ్యి కడుక్కుని అప్పుడే వచ్చాడు. తాగావేట్రా అన్నాను. చుక్క ముట్టలేదండి బాబుగారూ, అన్నం తిన్నాక ఈ మధ్య నాకిలాగే ఉంటోందండి, ఇంట్లో చెప్పకండి, కంగారు పడుద్ది అన్నాడు. నేను నవ్వేశాను. ఆఫీసర్లు చూస్తన్నారు, ఎలాగోలా ఓ చుట్టు తిప్పుకురా అని పంపేశాను."

అతని కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోలేదు. "నాకూ అన్నం తిన్నాకే వస్తందమ్మా ఇది. నన్నెవడూ నమ్మనప్పుడు తెలిసింది, ఆడు నిజమే చెప్పాడని. మైకు పట్టుకుని ఎంత మాటన్నాను. ఇప్పుడు ఊరంతా పిలిచి కాదని చెబుదామంటే, తాగుబోతు మాట ఎవడింటాడమ్మా?"

అన్నం తిన్నాక. ఈ మధ్య. గణపతికి ఎవరు పెట్టారు, ఎప్పుడు పెట్టారు? వెతుక్కోవడానికి దూరం పోనక్కర్లేకపోయింది. సెలవు రోజుల్లో మా పొయ్యి గట్టు మీద పక్కపక్కన రెండు ఉండేవి, తోడు సీసా ఒకటి, ఆయన పెరుగు గిన్నె ఒకటి. సాయంత్రం తోడు సీసాలో గరిటె ముంచి గంజిలో కలిపేదాన్ని. ఆ గరిటెనే కుళాయి కింద ఒకసారి తిప్పి పాలు తోడుపెట్టేదాన్ని. షెడ్డులో గాజు గొట్టం ముట్టుకోవాలంటే చేతులు మూడుసార్లు కడుక్కునేదాన్ని నేను. వంటింట్లో మాత్రం అది నాకు శాస్త్రం అనిపించలేదు, వంట అనిపించింది. ఆ గిన్నెలో పెరుగు తినేది ఆయన ఒక్కడే. నేను తినను కదా.

కోడి పేగులు చూసి కూడా నాకు మొగుడి పొట్ట తట్టలేదు. ముత్యాలరావు పొట్టే తట్టింది.

డాక్టరు అబద్ధం చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. గణపతి భయపడ్డాడు, నేను కంగారు పడతానని నా దగ్గర దాచాడు. చెప్పి ఉంటే నేనేం అనేదాన్నో నాకు తెలుసు. తాగొచ్చావా అని అడిగేదాన్ని.

లోపల్నుంచి వరహాలమ్మ కంచం పట్టుకుని వచ్చింది. నన్ను చూసి, ఎన్నాళ్ళకొచ్చావమ్మా, కాస్త నువ్వైనా చెప్పు, రెండ్రోజులుగా ముద్ద ముట్టట్లేదు ఈయన అంది. కంచంలో పెరుగన్నం. తినకపోతే చచ్చిపోతారని బతిమాలుతూ అతని ఒళ్ళో పెట్టబోయింది. అతను ఇక కాదనలేక చెయ్యి చాపాడు.

ఊరుకుంటే నాకేం కాదు. తాగి తాగి పోయాడంటారు, అంతే. బస్సులు నడుస్తాయి. లేచి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"అన్నం పెట్టకండి వరహాలమ్మ గారూ. ఈయనకి ఇక మెతుకు పెట్టకండి."

"అదేంటమ్మా, అన్నం పెట్టకపోతే ఎలాగ?"

"ఆయన తాగలేదండి. మా గణపతీ తాగలేదు. ఇద్దరికీ పెరుగు పెట్టింది నేనే" అన్నాను.

ఆవిడకి అర్థం కాలేదు. కంచం కింద పెట్టి, ఏమన్నావమ్మా అని అడిగింది. మడతకుర్చీలో ముత్యాలరావు తల తిప్పి నా వంక చూశాడు. నేల మీద కూర్చుని, ఈసారి మొదటి నుంచీ చెప్పాను.